గుర్తు పట్టడం

సాయంత్రం ఒక్కో చుక్కలో లక్ష వదిలి ఇంటికెళ్ళాను.
మర్నాడు ఏడున్నరకి మూత తీసి చూస్తే
ఆరు అండాలూ ఎలా ఉన్నవి అలానే ఉన్నాయి.

పొర దాటినవి ఉన్నాయి. అదే మింగుడుపడలేదు.
తలమీది సంచి చింపుకుని
మందపాటి పొరలో దారి చేసుకుని
పొరకీ గుడ్డుకీ మధ్య సన్నటి సందులో
నాలుగైదు ఇంకా తోకలాడిస్తున్నాయి,
వీధి గేటు దాటి అరుగెక్కి
తలుపు ఎవరిదో మర్చిపోయినవాళ్ళలా.

రాంనగర్‌లో మూడో అంతస్తు, కిటికీల్లేని గది.
పోర్టు నుంచి వచ్చే లారీలకి వణక్కుండా
మైక్రోస్కోపు బల్లని గాలి దిండ్ల మీద కూర్చోబెట్టాం.
వణికింది నా చెయ్యే.

కింద ఇద్దరు ఎదురుచూస్తున్నారు.
కింతలి ఎర్రునాయుడు, షిప్‌యార్డులో వెల్డరు.
పైడిరత్నం, ఒళ్ళో మూత తియ్యని క్యారేజీ.
"కణాలు బానే ఉన్నాయి, అండాలూ బానే ఉన్నాయి" అన్నాను.
"మరేటయింది మేడమ్?"
కాసేపాగి అతనే అన్నాడు:
"ఒకదాన్నొకటి గుర్తట్టనేదా?"

గుర్తు పట్టడం.
మన భాషలో గుర్తుని చూడరు, పడతారు,
గట్టు మీదికి విసిరిన తాడు పట్టినట్టు.
అక్కడ జరిగేదీ అదే.
కణం తలమీద ఒక ప్రొటీను, ఇజుమో:
జపాన్‌లో పెళ్ళిళ్ళు కుదిర్చే గుడి పేరు.
గుడ్డు ఒంటిమీద ఇంకొకటి, జూనో:
పాత రోము వాళ్ళ పెళ్ళిళ్ళ దేవత పేరు.
ఎక్కడి గుడి, ఎక్కడి దేవత.
కళ్ళు లేవు, చెవుల్లేవు, దీపం లేదు.
తగిలితేనే తెలియడం.
తెలియడమంటే విడవకపోవడం.

ఒకటి పట్టుకుని లోపలికి కలిశాక
ముప్పావుగంట గడిచేలోపు
గుడ్డు ఒంటిమీది జూనోలన్నీ రాల్చేస్తుంది.
ఆ తర్వాత వచ్చినవాటికి
ఆ ఇంట్లో ఆ పేరుగల వాళ్ళెవరూ లేరు.

మా ల్యాబ్ ఊడ్చే మైలపిల్లి దానమ్మది జాలారిపేట.
చీకటుండగానే ఫిషింగ్ హార్బర్ గట్టున నిలబడి
ఇంజను చప్పుడుని బట్టి
"అదే మా బోటు" అంటుందట.
ఎలాగని అడిగితే నవ్వింది.
"తెలిసిపోద్దమ్మా. ఓసారి తప్పయిపోనాది,
ఎవుళి బోటుకో టీ ఫ్లాస్కట్టుకెళ్ళిపోనాను."

నాలుగు నెలల తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చి సంతకాలు పెట్టారు.
ఈసారి సూది.
ఒక్కదాన్ని ఎంచి, తోక నొక్కి, కదలకుండా చేసి
వెంట్రుక కన్నా సన్నటి గాజు గొట్టంలోకి పీల్చాను.
గుడ్డుని ఇంకో గొట్టంతో ఆనించి పట్టి
పొడిచాను.
ఇజుమోని అడగలేదు, జూనోని అడగలేదు.
గోడకి కన్నం పెట్టి
పెళ్ళికొడుకుని లోపలికి తోసేసినట్టు,
ఎనిమిది సార్లు.

"మీ వెల్డింగ్ లాంటిదే" అన్నాను ఎర్రునాయుడితో, ధైర్యం చెప్పడానికి.
అతను తల అడ్డంగా ఊపాడు.
"అతుకేసిన కాడ రెండినుములూ కరగాల మేడమ్.
కరక్కపోతే అది ఒట్టి పైపూత."
నేనేం మాట్లాడలేదు.
నా సూది ఏదీ కరిగించదు.

మర్నాడు, పదిహేడు గంటలకి,
అయిదింట్లో రెండేసి సున్నాలు.
పక్కపక్కనే, ఇంకా కలవకుండా,
గాజువాక బస్సులో ఒకే సీటు దొరికిన
ఇద్దరు కొత్తవాళ్ళలా.
ఒకటి ఆమెది, ఒకటి అతనిది.
కాస్త పెద్దది అతనిదయ్యుండాలి. ఒట్టేసి చెప్పను.

ఫోన్ చేశాను. వెనక గ్రైండరు రొద.
"అయిదు" అన్నాను.
"గుర్తట్టీసాయేటి?"
"తెలీదు. పక్కపక్కన కూర్చున్నాయి."
రొద ఆగింది. ఎవరినో ఉండమన్నాడు.
"కూకున్నాయి కదా," అన్నాడు,
"మాటాడుకుంటాయిలెండి."